పాత సెస్నా విమానాన్ని క్రైస్తవ మిషన్‌కి ఇస్తామంటే "అమ్మి డబ్బు పంపండి" అన్నారు, ఇదేం పద్ధతి?

డల్లాస్_మోహన్
మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. గుంటూరు వైపు మనిషి, అమెరికా వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆయనకి 1966 మోడల్ సెస్నా 172 అనే చిన్న విమానం ఉంది. గుండె ఆపరేషన్ అయ్యాక పైలట్ మెడికల్ సర్టిఫికెట్ రాలేదు, నడపడం మానేశారు. ఏడెనిమిదేళ్ళుగా విమానం హ్యాంగర్‌లోనే ఉంది. అది ఏ పాపువా న్యూగినీకో కాంగోకో మిషనరీ పని మీద వెళ్ళాలని ఆయన ఆశ. ఆయన తరఫున నేనే ఒక పెద్ద మిషన్ సంస్థకి రాశాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. మీ మంచి మనసుకి కృతజ్ఞతలు, ఈ విమానం మాకు పనికిరాదు, మీరే అమ్మి ఆ సొమ్ము పంపితే సంతోషం అని.

పెద్దాయన బాగా నొచ్చుకున్నారు. నాకూ ఒళ్ళు మండింది. ఊరికే ఇస్తుంటే వద్దంటారా? వాళ్ళకి మెకానిక్కులు ఉంటారు, నాలుగు రిపేర్లు చేసి ఎగరేసుకోవచ్చు కదా? ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

రన్‌వే_రాజు
మా మామయ్య బజాజ్ చేతక్ గుర్తొచ్చింది. తను నడపడు, ఇంకొకరికి ఇవ్వడు, ప్రతి ఆదివారం తుడుస్తాడు. మీ పెద్దాయన నయం, ఇస్తానంటున్నారు.

గ్రీజు_చేతులు
వాళ్ళు చెప్పింది సబబే మోహన్ గారూ. నేను ఇక్కడ ఏ అండ్ పీ మెకానిక్‌ని, అంటే ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒళ్ళు), పవర్‌ప్లాంట్ (ఇంజిన్) రెండిటికీ లైసెన్సు ఉంది. తనిఖీ చేసి సంతకం పెట్టే ఐఏ కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఎగరని విమానాలే నాకు అన్నం పెడుతున్నాయి, కాబట్టి వాటి మీద కోపం లేదు.

ముందు లెక్క చూడండి. 1966 మోడల్ 172లో ఉండే ఇంజిన్ కాంటినెంటల్ ఓ-300. ఆరు సిలిండర్లు, 145 హార్స్‌పవర్. అన్నీ కలిపి 2300 పౌండ్లు దాటకూడదు. ఖాళీ విమానం, నిండు ట్యాంకులు, పైలట్ పోను మిగిలేది ఐదొందల చిల్లర. అది సముద్రమట్టం దగ్గర, చల్లటి పొద్దున, పొడవైన తారు రన్‌వే మీద. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. పాపువా కొండల్లో ఐదారు వేల అడుగుల ఎత్తున తడి గడ్డి స్ట్రిప్, మధ్యాహ్నం ఎండ, ఎదురుగా కొండ. అక్కడ ఈ విమానంలో ఒక రోగిని, ఒక తోడు మనిషిని ఎక్కించి లేపమంటే నేనైతే దండం పెట్టి దిగిపోతాను. అందుకే మిషన్ వాళ్ళు 300 హార్స్‌పవర్ సెస్నా 206, 185 లాంటివి వాడారు. ఇప్పుడు కారవాన్, కోడియాక్ అనే పెద్దవి వాడుతున్నారు. కోడియాక్‌ది 750 హార్స్‌పవర్ టర్బైన్.

ఇక "నాలుగు రిపేర్లు" సంగతి. అన్నేళ్ళు నిలబడిన విమానాన్ని తెరిస్తే మొదట కనబడేది ఎలుకల గూడు. గూడుతో ఇబ్బంది లేదు, వాటి మూత్రంతోనే చిక్కు. రెక్క లోపలి అల్యూమినియాన్ని పొరలు పొరలుగా తినేస్తుంది. రబ్బరు గొట్టాలన్నీ ఎండిపోయి ఉంటాయి. మాగ్నెటోలు (ఇంజిన్‌కి నిప్పురవ్వ పుట్టించేవి) విప్పాలి. సీటు పట్టాలు కొలవాలి, దానికి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) ప్రత్యేకంగా ఏడీ, అంటే తప్పక పాటించాల్సిన ఆదేశం ఇచ్చింది, నంబరు 2011-10-09. పట్టా రంధ్రాలు అరిగితే టేకాఫ్‌లో పైలట్ సీటు వెనక్కి జారుతుంది, చేతిలో కంట్రోల్ పట్టుకుని ఉంటాడు, ముక్కు పైకి లేస్తుంది. మనుషులు పోయారు దాంతో. చివరికి ఇంజిన్: లోపల సిలిండర్లూ క్యామ్‌షాఫ్టూ (వాల్వులు తెరిచే కడ్డీ) తుప్పు పట్టి ఉంటే ఓవర్‌హాల్ ఒక్కటే విమానం ఖరీదులో సగం మింగుతుంది. అంతా అయ్యాక చేతికొచ్చేది మళ్ళీ ఆ 145 హార్స్‌పవర్ 172నే.

బేగంపేట_బాబ్జీ
సగమే ఒప్పుకుంటా. ఓ-300లో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) కింద ఉంటుంది, నూనెకి దగ్గర. నిలబెడితే క్యామ్ తుప్పు పడుతుందన్న గోల ఎక్కువగా లైకామింగ్ కంపెనీ ఇంజిన్‌ది, దాంట్లో పైన ఉంటుంది, నూనె జారిపోయి ఎండుతుంది. చూడకుండానే ఇంజిన్‌కి పాడె కట్టకండి.

గ్రీజు_చేతులు
క్యామ్ కిందే ఉంది బాబ్జీ గారూ, మరి సిలిండర్ గోడలకి నూనె ఎవరు రాస్తారు? డల్లాస్‌లో రాత్రికీ పగటికీ ఉష్ణోగ్రత తేడా ఎంత ఉంటుందో తెలుసుగా, లోపల చెమ్మ పడుతూనే ఉంటుంది.

బేగంపేట_బాబ్జీ
అందుకే బోర్‌స్కోప్ (సిలిండర్ లోపలికి దూర్చే సన్న కెమెరా) పెట్టి చూడమంటున్నా. ఊహించి చెప్పే మెకానిక్‌ని మా రోజుల్లో టీ తెమ్మని పంపేవాళ్ళం.

రన్‌వే_రాజు
టీ నాకూ ఒకటి.

డల్లాస్_మోహన్
ఇంజిన్ పాడవకుండా పెద్దాయన జాగ్రత్త తీసుకుంటున్నారండీ. వెళ్ళినప్పుడల్లా ప్రొపెల్లర్‌ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పుతారు, బిగుసుకుపోకుండా. అప్పుడప్పుడు స్టార్ట్ చేసి కాసేపు ఉంచుతారు కూడా.

గ్రీజు_చేతులు
వద్దు! చేత్తో తిప్పితే నూనె పంపు ఒత్తిడి పుట్టించదు. గోడల మీద మిగిలిన కాస్త నూనె పొరని రింగులు గీకేస్తాయి, అంతే. నేల మీద కాసేపు నడిపి ఆపడం ఇంకా చెడ్డ పని. ఇంజిన్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, అది పోవాలంటే నూనె బాగా వేడెక్కాలి, ఎగిరితే తప్ప అంత వేడెక్కదు. చెమ్మంతా లోపలే ఉండిపోతుంది. పైగా మాగ్నెటో స్విచ్ ఆఫ్‌లో ఉన్నా దాని గ్రౌండు తీగ తెగి ఉంటే చేత్తో తిప్పిన ప్రొపెల్లర్ ఫట్టున అంటుకుని చెయ్యి తీసేస్తుంది. ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.

బేగంపేట_బాబ్జీ
ఈ విషయంలో అతను చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.

సందేహాల_సుబ్బారావు
సాంకేతికం బాగుంది. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. మిషనరీ విమానం అంటే మతప్రచారానికి వాహనమే కదా? అడవుల్లో తమ మానాన తాము బతికేవాళ్ళ దగ్గరికి పిలవకుండా వెళ్ళడానికి ఇంత శ్రమ ఎందుకు?

హైలాండ్స్_నర్సు
సుబ్బారావు గారూ, నేను పాపువా న్యూగినీ కొండ ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో పనిచేశాను. ప్రచారం జరగదని అబద్ధం చెప్పను, జరుగుతుంది. కానీ అక్కడ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి హైలాండ్స్‌కి రోడ్డే లేదు. లోయకీ లోయకీ మధ్య కొండ. కాన్పు అడ్డం తిరిగిన తల్లిని మంచం మీద మోసుకొస్తే రోజంతా పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులు. రేడియోలో కబురందితే విమానం అరగంటలోపు దిగేది. టీకాలు, బడి పుస్తకాలు, రేకులు, ఎన్నికల బ్యాలెట్ పెట్టెలు, టీచర్లు, కోళ్ళు అన్నీ దాంట్లోనే. ఊరివాళ్ళు గొడ్డళ్ళతో, పారలతో తామే చదును చేసుకున్న స్ట్రిప్పులు అవి. చాలావాటికి వాలు ఉంటుంది. ఎగువకి దిగుతారు, దిగువకి లేస్తారు. మళ్ళీ ప్రయత్నించే అవకాశం ఉండదు.

మోహన్ గారి ప్రశ్నకి నా జవాబు: మాకు విమానం లేక ఆగిన రోజులకంటే, ఉన్న విమానం బాగుకాక ఆగిన రోజులే ఎక్కువ. ఒకసారి ముందు చక్రం ఫోర్క్‌కి పగులు వచ్చిందని పైలట్ ఎగరనన్నాడు. భాగం సముద్రం దాటి రావాలి. అన్నాళ్ళూ రేడియోలో వచ్చిన ప్రతి పిలుపుకీ "మోసుకురండి" అని చెప్పింది నేనే. బిగించడానికి మనిషి, బిగించడానికి భాగం, ఈ రెండూ ఉంటే పాత విమానమైనా దేవుడే. 172 ఒకటి అదనంగా వస్తే దానికి వేరే భాగాలు, వేరే ఇంజిన్, వేరే పుస్తకాలు. ఉన్న మెకానిక్కుకి ఇంకో తలనొప్పి.

సందేహాల_సుబ్బారావు
ఆసుపత్రి మాటకి అభ్యంతరం లేదు నర్సు గారూ. పిలవకుండా వెళ్ళే మాటకి ఉంది.

చరిత్ర_పిచ్చి
ఆ చర్చ 1956 నుంచి నడుస్తూనే ఉంది. ఈక్వడార్‌లో నేట్ సెయింట్ అనే మిషన్ పైలట్ తన పసుపు పచ్చ పైపర్ పీఏ-14 విమానాన్ని కురారే నది ఒడ్డు ఇసుక మీద దింపాడు. అక్కడి అడవి తెగ వావొరానీ జనం దగ్గరికి వెళ్ళిన ఐదుగురు మిషనరీలూ జనవరి 8న ఈటెలకి బలయ్యారు. విమానం మీది గుడ్డని వాళ్ళు చీల్చేశారు, ఉక్కు గొట్టాల చట్రం ఇసుకలో కూరుకుపోయింది. 1994లో దొరికింది. ఇప్పుడు ఐడహో రాష్ట్రం నంపాలో మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ కార్యాలయంలో పెట్టారు. దాన్ని బాగు చెయ్యలేదు, వంగిన గొట్టాలు వంగినట్టే ఉంచారు. అదే సరైన పని అని నా అభిప్రాయం.

కానీ ఈ టాపిక్‌కి సెయింట్ పనికొచ్చేది పైలట్‌గా కాదు, మెకానిక్‌గా. సెయింట్ పనిచేసిన ఆ ఫెలోషిప్ మొదటి విమానం పాత వాకో బైప్లేన్ (ఒకదానిపై ఒకటి రెండు జతల రెక్కలుండేది). 1946లో దాన్ని మెక్సికోకి తీసుకెళ్ళింది బెట్టీ గ్రీన్, యుద్ధకాలంలో వాస్ప్ అనే అమెరికా మహిళా పైలట్ల దళంలో విమానాలు నడిపిన అమ్మాయి. అదే ఏడు మరో పైలట్ చేతిలో ల్యాండింగ్‌లో దెబ్బతింది. రిపేరుకి పంపింది సెయింట్‌నే. చెక్క దూలాల రెక్కలు, పైన గుడ్డ. అడవి దగ్గర కూర్చుని వడ్రంగి పని చేశాడు. అంటే ఆ సంస్థ చరిత్రలో మొదటి ఏడాదే రిపేరు చరిత్ర కూడా మొదలైంది.

ఇంకోటి. ఒంటి ఇంజిన్ విమానానికి ఇంధనం దారి మూసుకుపోతే అడవే గతి కదా. సెయింట్ రెక్క కింద ఒక డబ్బా కట్టి, రాగి గొట్టంతో నేరుగా ఇంజిన్ ఇంటేక్‌కి పెట్రోలు అందేలా రెండో దారి తయారుచేశాడు. కార్బ్యురేటర్‌తో పనిలేకుండా ఇంజిన్ నడిచింది.

బేగంపేట_బాబ్జీ
ఆ తెలివి ఇప్పుడు చూపిస్తే లైసెన్సు పోతుంది. మార్పుకి అనుమతి పత్రం ఎస్‌టీసీ ఎక్కడ, పెద్ద మార్పులు నమోదు చేసే ఫారం 337 ఎక్కడ అంటారు. అనాలి కూడా.

గుడ్డ విమానాలంటే చెయ్యి ఊరుకోదు. మా క్లబ్బులో పుష్పక్‌లు ఉండేవి. హెచ్‌ఏఎల్ వాళ్ళది, ఇద్దరు కూర్చునేది, ఉక్కు గొట్టాల మీద గుడ్డ, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్. గుడ్డ పరిచి, రెక్క పక్కటెముకలకి దారంతో కుట్టి, డోపు అనే వార్నిష్ లాంటిది పూత మీద పూత. పూత ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుంటుంది. వేలితో తట్టి చప్పుడు వినేవాళ్ళం. ఆ డోపు వాసన ఇంటిదాకా వచ్చేది, మా ఆవిడ గుమ్మంలోనే ఆపి స్నానం చెయ్యమనేది. గుడ్డ ఎండకి చస్తుంది, అందుకే లోపలి పూతల్లో అల్యూమినియం పొడి కలిపేవాళ్ళం.

రేకు విమానంలో తుప్పు దాక్కుంటుంది. గుడ్డ విమానంలో గుడ్డ విప్పితే గొట్టాలన్నీ కళ్ళ ముందుంటాయి, పాడైన ముక్క కోసి కొత్తది వెల్డు చెయ్యొచ్చు. మారుమూల పనికి అదే మేలని ఇప్పటికీ అంటాను.

గ్రీజు_చేతులు
రోజూ వాన పడే చోట గుడ్డా? హ్యాంగర్ లేని చోట రెండేళ్ళు కూడా నిలవదు సార్. రేకుకి మంచి ప్రైమర్ కొట్టి అతుకుల్లో తుప్పు నిరోధక నూనె పట్టిస్తే చాలు.

బేగంపేట_బాబ్జీ
ఇప్పటి పాలిస్టర్ గుడ్డకి రెండేళ్ళేమిటయ్యా. పాత నూలు గుడ్డతో కలిపి మాట్లాడకు.

నిర్వాహకుడు
గుడ్డ వర్సెస్ రేకుకి వేరే టాపిక్ తెరవండి. మతం చర్చ కూడా ఇక్కడితో చాలు. మోహన్ గారి విమానం దగ్గరికి రండి.

వరంగల్_వింగ్స్
నేను హైదరాబాద్‌లో ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదువుతున్నాను, బీ1.1 విభాగం. పాత విమానాలు తిరిగి లేపే ఇలాంటి పనిలో చేరాలంటే ఎలా సార్? మా కాలేజీలో పిస్టన్ ఇంజిన్‌ని అద్దాల పెట్టెలో చూపించి వదిలేశారు.

గ్రీజు_చేతులు
బీ1.1 టర్బైన్లకి తమ్ముడూ. పిస్టన్ విమానాలకి డీజీసీఏ (మన విమానయాన శాఖ) లైసెన్సుల్లో బీ1.2. రెండూ ఉంటే ఇలాంటి చోట విలువ. అమెరికా సంగతికొస్తే ఎఫ్‌ఏఏ రెండు దారులు ఇస్తుంది, స్కూలు లేదా పని అనుభవం. ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్ రెండింటికీ కలిపి 30 నెలల అనుభవం చూపిస్తే పరీక్షలు రాయొచ్చు.

ఒహాయోలో కొషాక్టన్ అనే చిన్న ఊళ్ళో ఎంఎంఎస్ ఏవియేషన్ అని ఉంది. మిషన్ విమానాలు బాగుచెయ్యడమే వాళ్ళ పని. చేతి కూలి తీసుకోరు, భాగాల ఖర్చు విమానం వాళ్ళది. అక్కడి అప్రెంటిస్‌లు పని నేర్చుకుంటూ ఆ పరీక్షలకి తయారవుతారు. జీతం ఉండదు, తమ పోషణకి తామే విరాళాలు కూడగట్టుకోవాలి. టెక్సస్‌లో లెటర్నో యూనివర్సిటీ, స్పోకేన్‌లో మూడీ కూడా మిషన్ పైలట్లనీ మెకానిక్కులనీ తయారుచేస్తాయి. వీసా సంగతి మాత్రం నన్ను అడగకు, లాయర్‌ని అడుగు.

వరంగల్_వింగ్స్
జీతం లేకుండా అంటే మా నాన్న ఒప్పుకోడు.

రన్‌వే_రాజు
జీతం ఉన్నా నాన్నలు ఒప్పుకోరు తమ్ముడూ, గవర్నమెంట్ ఉద్యోగం కావాలంటారు.

ప్రశ్నల_పద్మ
అంత కష్టపడి పాతవి బాగుచెయ్యడం ఎందుకు, కొత్త విమానాలు కొనొచ్చు కదా? విరాళాలు బాగానే వస్తాయిగా?

గ్రీజు_చేతులు
185 కొత్తది దొరకదు పద్మ గారూ, 1985 తర్వాత సెస్నా తయారుచెయ్యలేదు. 206ని 1986లో ఆపి 1998లో మళ్ళీ మొదలుపెట్టారు. కొత్త కోడియాక్ అంటే ఇరవై లక్షల డాలర్లు దాటుతుంది. అందుకే మంచి చట్రం ఉన్న పాత 206 దొరికితే దాన్ని రివెట్ రివెట్‌గా విప్పి, రెక్కలు జిగ్‌లో (ఆకారం వంగకుండా పట్టి ఉంచే చట్రంలో) పెట్టి, వైరింగ్ మొత్తం మార్చి, ఓవర్‌హాల్ ఇంజిన్ బిగించి పంపుతారు. మోహన్ గారిది 206 అయ్యుంటే ఆ మెయిల్ వేరేలా ఉండేది.

హైలాండ్స్_నర్సు
పెట్రోలు మాట కూడా చెప్పండి. పిస్టన్ విమానాలకి నీలం రంగు ఆవ్‌గ్యాస్ కావాలి. మాకు అది డ్రమ్ముల్లో వచ్చేది. డ్రమ్ములో నీళ్ళు చేరతాయని పైలట్ షామీ తోలులోంచి వడపోసి పోసేవాడు, ఎంత తొందర పని ఉన్నా వడపోత మానడు. కారవాన్, కోడియాక్‌లకి జెట్ ఇంధనం చాలు, అంటే శుభ్రమైన కిరోసినే. పెద్ద విమానాలు దిగే ప్రతి చోటా దొరుకుతుంది. పిస్టన్ విమానాలు తగ్గిపోవడానికి అది పెద్ద కారణం.

పద్మ గారికి ఒకటి. కొత్త విమానానికి రిబ్బను కత్తిరించి ఫొటో తీసుకోవచ్చు కాబట్టి విరాళాలు వస్తాయి. మాగ్నెటో ఓవర్‌హాల్‌కి ఎవరూ ఫొటో దిగరు.

ఏప్రిల్_టాక్స్
మోహన్ గారూ, డబ్బు పంపమనడంలో ఇంకో కోణం. అమెరికాలో 500 డాలర్లు మించిన కారు, పడవ, విమానం దానమిస్తే సంస్థ 1098-సీ ఫారం ఇవ్వాలి. సంస్థ దాన్ని వాడకుండా, బాగుచెయ్యకుండా అమ్మేస్తే, వాళ్ళకి ఎంతొస్తే అంతకే మీ పెద్దాయనకి పన్ను మినహాయింపు. గణనీయంగా వాడినా, పెద్ద రిపేరు చేసినా మార్కెట్ విలువకి దొరకొచ్చు, అప్పుడు ఐదు వేలు దాటితే అర్హతున్న నిపుణుడి మదింపు కావాలి. ఆయన తానే అమ్మి నగదు ఇస్తే కాగితాలు సులువు, కానీ కొన్న ధర కంటే ఎక్కువొస్తే ఆ లాభం మీద పన్ను చూసుకోవాలి. పెద్దాయన అకౌంటెంట్‌ని అడిగి నిర్ణయించండి.

సందేహాల_సుబ్బారావు
దేవుడి పనికి కూడా 1098 ఉందన్నమాట.

ఏప్రిల్_టాక్స్
అన్నిటికీ ఉంది సుబ్బారావు గారూ. సీజన్‌లో మా ఇంటికి రండి, చూపిస్తా.

ప్రశ్నల_పద్మ
ఆ 172కే 180 హార్స్‌పవర్ ఇంజిన్ వేసే ఎస్‌టీసీ ఉంది కదా? చదివాను.

గ్రీజు_చేతులు
ఉంది, లైకామింగ్ ఓ-360. బాగా పైకెక్కుతుంది. ఆ ఖర్చు పెట్టేవాళ్ళు టెక్సస్‌లో సరదాకి పెట్టుకోవచ్చు. మిషన్‌కైతే ఆ డబ్బుని 206 ఇంజిన్ మీద పెట్టమంటాను.

బేగంపేట_బాబ్జీ
ఒకటి మర్చిపోతున్నారు అందరూ. 172 కొండల్లో పనికిరాదు, నిజమే. శిక్షణకి దాన్ని మించినది లేదు. మిషన్ పైలట్ కూడా ముందు ఏదో ఒక 172లో నేర్చుకున్నవాడే. మిషన్ కుర్రాళ్ళకి ఎగరడం, రిపేరు నేర్పే స్కూలుని అడగండి. పైకి లేవలేని స్థితిలో ఉన్నా పిల్లలు విప్పి బిగించడానికి పనికొస్తుంది. ఈ వరంగల్ కుర్రాడు చెప్పాడు చూడండి, అద్దాల పెట్టెలో ఇంజిన్. చెయ్యి పెట్టకుండా ఏం నేర్చుకుంటారు?

డల్లాస్_మోహన్
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం వెళ్ళి ఇదంతా పెద్దాయనకి చదివి వినిపించాను. 145 హార్స్‌పవర్ లెక్క విని కాసేపు నవ్వారు, "నాకు తెలియదా, ఎండాకాలం దీంతో నేనే తిప్పలు పడ్డాను" అన్నారు. విప్పి ముక్కలు చెయ్యడానికి మాత్రం ససేమిరా ఒప్పుకోవట్లేదు. ఎగరేసేవాడికే ఇస్తారట. అమ్మడానికి కొంచెం మెత్తబడ్డారు, కానీ ఒక షరతు. సొమ్ము ఆఫీసు ఖర్చులకి పోకూడదు, ఏదో ఒక విమానం ఇంజిన్‌కే వెళ్ళాలి. అలా అడగొచ్చా?

హైలాండ్స్_నర్సు
తప్పకుండా అడగండి. ఇంజిన్ ఓవర్‌హాల్‌కి అని రాసి ఇవ్వమనండి. ఆ మాట రాసిన చెక్కు చూస్తే అక్కడి మెకానిక్ ఎగిరి గంతేస్తాడు.

ఏప్రిల్_టాక్స్
ఉద్దేశం రాయొచ్చు, చాలా సంస్థలు గౌరవిస్తాయి. అయితే తుది అధికారం సంస్థదే ఉండాలి, లేకపోతే మినహాయింపుకి ఇబ్బంది. ముందే మెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి.

గ్రీజు_చేతులు
అమ్మే ముందు లాగ్‌బుక్కులు మొదటి పేజీ నుంచీ ఉన్నాయో లేదో చూడండి. లాగ్ లేని విమానానికి ధర బాగా పడిపోతుంది. తర్వాత ఇంజిన్‌ని స్టార్ట్ చెయ్యకుండానే బోర్‌స్కోప్ పెట్టించండి. నేను ఉండేది ఓక్లహోమాలోనే, శనివారం రాగలను. డబ్బులొద్దు, భోజనం పెట్టండి చాలు.

డల్లాస్_మోహన్
ఆంటీ గోంగూర మాంసం చేస్తారు. వచ్చెయ్యండి.

బేగంపేట_బాబ్జీ
ఆరు సిలిండర్ల ఫొటోలూ ఇక్కడ పెట్టాలి. తుప్పు లేకపోతే ఇతను నాకు ఒక టీ బాకీ.

గ్రీజు_చేతులు
ఉంటే?

బేగంపేట_బాబ్జీ
ఉంటే క్యామ్ చూపించు, అప్పుడు మాట్లాడదాం.

వరంగల్_వింగ్స్
బోర్‌స్కోప్ వీడియో తీసి పెట్టండి సార్, ప్లీజ్. ఫొటోలో ఏది కార్బన్ మరకో ఏది తుప్పో మాకు తెలియట్లేదు.